డబ్లిన్ వీధుల్లో బరంపురం కుర్రాడు

1913లో బరంపురం నుంచి ఒక కుర్రాడు బారిస్టరు చదువుకి ఐర్లండు వెళ్ళాడు. అప్పటికి బరంపురం మద్రాసు రాజధానిలో, గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు గారు ఆ ఊళ్ళో పేరున్న వకీలు. కొడుకు బారిస్టరై వస్తే తన కక్షిదారుల్ని అప్పగించి నిశ్చింతగా ఉందామని ఆ రోజుల్లో ఏ వకీలైనా అనుకునేవాడు. మూడేళ్ళకి కొడుకు బారిస్టరయ్యే తిరిగొచ్చాడు. కానీ కొన్నేళ్ళకే కోర్టు వదిలేశాడు. రైల్వే షెడ్లలో బొగ్గు ఎత్తేవాళ్ళ పక్కన, పట్టాలు సరిచేసే గ్యాంగు కూలీల పక్కన కూర్చున్నాడు. ఆయనే తరువాత మన దేశానికి నాలుగో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు.

విదేశీ చదువు విద్యార్థి జీవితాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ముందుగా గిరి గారే గుర్తొస్తారు. ఆ మూడేళ్ళలో డబ్లిన్‌లో ఏం జరిగిందో ఇవాళ కాస్త వివరంగా చెబుతాను.

లండన్ ఉండగా డబ్లిన్ ఎందుకు? 1909లో మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చి చంపాక, అక్కడి భారతీయ విద్యార్థుల మీద నిఘా బాగా పెరిగింది. డబ్లిన్‌లో ఆ బిగింపు కొంత తక్కువ. యూనివర్సిటీ కాలేజీలో చదువుకుంటూనే కింగ్స్ ఇన్స్ అనే న్యాయ సంస్థలో బారిస్టరు పట్టా తీసుకోవచ్చు. అందుకని మన విద్యార్థులు కొందరు అటు మళ్ళారు. ఐర్లండు కూడా అప్పుడు మనలాగే బ్రిటిష్ పాలనలో ఉంది. అంటే ఆ కుర్రాడు ఒక పాలిత దేశంలో బయల్దేరి ఇంకొక పాలిత దేశంలో దిగాడు.

ఆ ఏడాది డబ్లిన్ ఎలా ఉందో చెప్పాలి. ఒకప్పుడు ప్రభువులు ఉండి వదిలేసిన పెద్ద పెద్ద మేడల్లో గదికొక కుటుంబం చొప్పున పేదవాళ్ళు ఉండేవారు. ఒకే ఒక్క గదిలో వండుకుని, తిని, పడుకునే కుటుంబాలు ఆ నగరంలో సుమారు 20,000. 1913 సెప్టెంబరులో చర్చి స్ట్రీట్‌లో అలాంటి మేడలు రెండు కూలిపోయి ఏడుగురు చనిపోయారు. అంతకు వారం ముందు, ఆగస్టు 26న, ట్రాము కార్మికులు బళ్ళని నడివీధిలో ఎక్కడివక్కడ ఆపేసి దిగిపోయారు. జేమ్స్ లార్కిన్ పెట్టిన కార్మిక సంఘంలో చేరినందుకు ట్రాము కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ వాళ్ళని పనిలోంచి తీసేస్తున్నాడు. మిగతా యజమానులు కూడా అతని వెనక చేరారు. ఆ సంఘంలో ఉండబోమని కాగితం మీద సంతకం పెడితేనే పని అన్నారు. పెట్టని వాళ్ళకి గేట్లు మూసేశారు. 20,000 మంది దాకా పని పోగొట్టుకుని, చలికాలమంతా పస్తులతో నెట్టుకొచ్చారు. ఇంగ్లండులోని కార్మిక సంఘాలు ఓడల్లో తిండి పంపాయి. చివరికి 1914 మొదట్లో ఆకలికి తాళలేక చాలామంది తలవంచి పనిలోకి వెళ్ళారు.

ఇదంతా సిలబస్‌లో లేదు. కాంట్రాక్టు చట్టం అందరితో పాటు గిరి గారూ పుస్తకంలో చదివే ఉంటారు. ఆ పుస్తకంలో ఒప్పందమంటే ఇద్దరు సమానులు ఇష్టపడి చేసుకునేది. బయట వీధిలో, పిల్లలు ఆకలితో ఉండగా సంతకం పెట్టమంటున్న కాగితం కూడా ఒప్పందమే. చదువుకునే కుర్రాడికి ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒకే ఏడాదిలో ఎదురుపడ్డాయి. లార్కిన్‌తో కలిసి పనిచేసిన జేమ్స్ కానలీ ప్రభావం తన మీద గాఢంగా పడిందని, కార్మికోద్యమం మీద తనకు మనసు పుట్టింది అక్కడేనని గిరి గారు తరువాత చెప్పుకున్నారు.

యూనివర్సిటీ కాలేజీలో ఆయనకి ఇంగ్లీషు చెప్పిన అధ్యాపకుల్లో థామస్ మెక్‌డొనా ఒకరు. ఆయన కవి. తరగతిలో సాహిత్యం చెబుతూనే, బయట తన దేశం కోసం తిరుగుబాటుకి సిద్ధమవుతున్న మనిషి. 1916 ఏప్రిల్ 24న, ఈస్టరు పండగ మర్నాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు మొదలైంది. ఐరిష్ రిపబ్లిక్ ప్రకటన మీద సంతకాలు చేసిన ఏడుగురిలో మెక్‌డొనా ఉన్నారు, కానలీ ఉన్నారు. ఆరో రోజుకి తిరుగుబాటుదారులు లొంగిపోయారు. మే 3న కిల్‌మెనం జైల్లో మెక్‌డొనాని కాల్చి చంపారు. గాయపడి నిలబడలేని స్థితిలో ఉన్న కానలీని మే 12న కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నేను కాసేపు ఆగిపోతాను. పరాయి దేశంలో ఉన్నాడు, ఇరవై రెండో ఏడు నడుస్తోంది, తనకు పాఠం చెప్పిన మాస్టారిని ప్రభుత్వం గోడకి నిలబెట్టి కాల్చేసింది. ఏ డిగ్రీ కాగితం మీదా ఇలాంటి పాఠం నమోదు కాదు. ఆ వేసవిలోనే గిరి గారికి బారిస్టరు పట్టా వచ్చింది. జూలై 1 లోగా దేశం విడిచి వెళ్ళమన్న ఉత్తర్వూ వచ్చింది. పట్టాని, ఆ ఉత్తర్వుని రెంటినీ ఆయన ఆ ఊళ్ళోనే సంపాదించుకున్నారు.

ఇక్కడ చిన్న పక్కదారి పట్టనివ్వండి. గిరి గారు డబ్లిన్ వెళ్ళిన 1913లోనే, బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో అంబేడ్కర్ గారు న్యూయార్క్ వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. డబ్లిన్‌లో మరణశిక్షలు అమలవుతున్న ఆ రోజుల్లోనే, 1916 మే 9న, ఆయన కొలంబియాలో మానవశాస్త్ర సెమినార్‌లో భారతదేశపు కులాల మీద తన వ్యాసం చదివారు. పుట్టి పెరిగిన చోట బడిలో నీళ్ళ కుండ ముట్టుకోనివ్వని మనిషి, అక్కడ అందరితో పాటు బల్ల ముందు కూర్చుని, తన సమాజాన్ని తానే పరీక్షకు పెట్టాడు. సొంత ఊళ్ళో ఊపిరాడనివ్వని విషయాన్ని దూరం నుంచి చూసి, దాని కీళ్ళు ఎక్కడెక్కడున్నాయో పోల్చుకోగలగడం పరదేశపు చదువు ఇచ్చే ఇంకొక వరం. అది వేరే ప్రసంగానికి తగిన విషయం కనుక ఇక్కడితో ఆపుతాను.

గిరి గారు ఇంటికొచ్చి కొన్నాళ్ళు ప్రాక్టీసు చేశారు. సహాయ నిరాకరణ పిలుపు వచ్చినప్పుడు దాన్ని వదిలేశారు. బరంపురం మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికుల్ని సంఘంగా కూర్చారు. 1928లో ఆ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్మికుల్ని తగ్గించబోతే సమ్మె నడిపారు. శాంతియుతంగా నడిచిన ఆ సమ్మెకి కంపెనీ దిగిరాక తప్పలేదు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ కట్టినవాళ్ళలో ఆయన ముఖ్యులు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాని ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఒక వకీలు కొడుకు జమీందారుని ఓడించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

పారిశ్రామిక వివాదాల గురించి ఆయన జీవితాంతం చెప్పిన మాట ఒకటుంది. కార్మికులు, యజమానులు ఒక బల్ల దగ్గర కూర్చుని తామే తేల్చుకోవాలి, కోర్టుకి, ట్రిబ్యునల్‌కి వెళ్ళడం ఆఖరి దారి కావాలి అని. బారిస్టరు చదివిన మనిషి కోర్టుకి పోవద్దంటున్నాడు! సంఘబలం లేకపోతే కార్మికుడి సంతకానికి విలువ లేదన్నది ఆయన 1913లో కళ్ళారా చూసిన సంగతి. 1954లో ఆయన నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చింది. ఆయన రాజీనామా చేసి బయటికొచ్చారు. డబ్లిన్ వదిలి అప్పటికి ముప్పయ్యెనిమిదేళ్ళు.

డబ్లిన్‌లో చదివిన భారతీయులందరూ ఇలా మారలేదు. అదే కాలేజీలో, అదే వీధుల్లో తిరిగి, పట్టా తీసుకుని, ఇంటికొచ్చి హాయిగా ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఊరు మారినంత మాత్రాన మనిషి మారిపోడని ఒప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఎవరి కష్టాన్ని తన లెక్కలో కలుపుకున్నాడు, ఎవరి పక్కన నిలబడ్డాడు అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

పరదేశపు చదువు ఇంకొక దారి పట్టించిన మనిషి కథ కూడా చెప్పాలి. గిరి గారు పుట్టింది 1894 ఆగస్టులో. అయిదు నెలల తరువాత, 1895 జనవరిలో, భీమవరంలో ఇంకొక పిల్లవాడు పుట్టాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి మాట విని ఖద్దరు కట్టారు. అది శస్త్రవైద్యం చెప్పే ప్రొఫెసరుకి కోపం తెప్పించింది. ఫలితంగా రావలసిన ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, తననూ అది దాదాపు తీసుకుపోయినంత పని చేసింది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో, మామగారి సాయంతో, 1922లో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో చేరారు.

అక్కడ పొట్ట గడవడానికి ఆ డాక్టరు ఒక ఆసుపత్రిలో రాత్రిళ్ళు పనివాడుగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు తీసి కడిగే పని. పగలు ప్రయోగశాల, రాత్రి ఈ పని. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి 1925లో ఆయన ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివిన ఎవరైనా గుర్తుపడతారు. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అది మందు. ఆ దారిలోనే పుట్టిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ వచ్చిన పసిపిల్లలకి ఇచ్చి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించారు. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

అదే 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, ఆయన నిద్రలోనే పోయారు. మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి వెళ్ళిన మనిషి ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. పరదేశపు చదువుని పొగిడేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలి. ప్రపంచానికి మందులొచ్చాయి, నిజమే. ఇక్కడ ఒక ఇల్లాలి జీవితమంతా ఎదురుచూపుగా గడిచిందన్నదీ అంతే నిజం. ఈ రెండోదాన్ని మనం చాలా తేలిగ్గా మరిచిపోతాం. ఇవాళ అమెరికా ఫోటోలు చూసి మురిసిపోతూనే, రాత్రి ఇద్దరికే అన్నం వండుకునే తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఈ ఇద్దరి కథల్లో నాకు కలిపి కనిపించేది చేతిపని. ఒకరు వకీలు ఇంటి బిడ్డ, రెక్కల మీద బతికేవాళ్ళ ఆకలి చూసి మారారు. ఇంకొకరు డాక్టరు, రోగుల పాత్రలు కడిగారు. ఇవాళ మన పిల్లలకి ఎదురవుతున్నదీ అదే. హైదరాబాదులోనో, గుంటూరులోనో, వరంగల్లులోనో బీటెక్ అయ్యాక కన్సల్టెన్సీ, ఐఈఎల్‌టీఎస్, బ్యాంకు లోను, వీసా ఇంటర్వ్యూ, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు, ఆ తరువాత విమానం. అమెరికాలో కాలేజీ నడిచే రోజుల్లో విద్యార్థి క్యాంపస్‌లోనే, వారానికి ఇరవై గంటలు మించకుండా పనిచేయాలి. ఐర్లండులో కూడా కాలేజీ రోజుల్లో పరిమితి ఇరవై గంటలే. దొరికేది చాలావరకు వంటింట్లో గిన్నెలు కడగడం, డైనింగ్ హాల్లో బల్లలు తుడవడం, షాపులో సరుకులు సర్దడం.

ఇంట్లో ఎప్పుడూ తిన్న కంచం తీసి ఎరగని పిల్లవాడు మొదటి వారం ఏడుస్తాడు. నేను చదువు చెప్పిన పిల్లల్లో చాలామంది ఈ మాట చెప్పారు. ఒక అబ్బాయి యూనివర్సిటీ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే చోట చేశాడు. అక్కడ అతనికి పని నేర్పింది అరవై దాటిన ఒక మనిషి. ఆయన పేరు అందరికీ తెలుసు. ప్రొఫెసర్లు ఆయనని పేరు పెట్టి పలకరించి, యోగక్షేమాలు అడిగి వెళ్ళేవారట. పని అయిపోయాక ఆయనా, వీళ్ళూ ఒకే బల్ల దగ్గర తినేవారట. ఆ అబ్బాయి రెండేళ్ళ తరువాత సెలవుకి వచ్చాడు. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అంట్లు తోముతున్న ఆవిడకి నెలకి ఎంతిస్తున్నారని వాళ్ళమ్మని అడిగాడు. ఆదివారం సెలవుందా అని అడిగాడు. ఆవిడ ఇంటిపేరేమిటని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తల్లి కొంచెం నొచ్చుకుంది. నామోషీగా అనిపించిందని తరువాత నాతోనే చెప్పింది. ఆ పై నెల జీతం పెంచింది.

ఈ మార్పు అందరిలోనూ వస్తుందని నేను అనను. రానివ్వకుండా మనమే అడ్డుపడుతున్నామని మాత్రం గట్టిగా అంటాను. "గిన్నెలు కడుగుతున్నావని చుట్టాలకి చెప్పకు, పెళ్ళి సంబంధాలు చెడిపోతాయి" అంటాం. "మావాడు క్యాంపస్‌లో జాబ్ చేస్తున్నాడు" అని నాలుగు మాటల్లో దాచేస్తాం. పిల్లవాడు తాను చేసే పనికి సిగ్గుపడడం మన దగ్గరే నేర్చుకుంటాడు. సిగ్గుపడుతూ చేసిన పని రెండేళ్ళయినా వాడికి ఏమీ నేర్పదు. అమెరికాలో గిన్నెలు కడిగి, ఇక్కడికొచ్చాక హోటల్లో సర్వరుని "ఏయ్" అని పిలిచేవాళ్ళని నేను చూశాను. విమానం దిగినా వాళ్ళు ఊరు దాటలేదు.

ఇంకొకటి కూడా చూస్తున్నాను. అయిదుగురు తెలుగు పిల్లలు ఒక అపార్టుమెంటులో ఉంటారు. వంట వంతులు, సినిమాలు, పండగలు, అన్నీ మనవే. సీనియర్లు మనవాళ్ళే, అసైన్‌మెంట్లలో గ్రూపు మనవాళ్ళే. కొత్త చోట మనవాళ్ళ తోడు అవసరమే, జ్వరం వచ్చిన రాత్రి గంజి కాచిచ్చేది వాళ్ళే. కానీ రెండేళ్ళూ ఆ గది దాటకపోతే ఖర్చు తప్ప ఇంకేం మిగులుతుంది? ప్రొఫెసర్లు వారంలో ఫలానా గంటలు తలుపు తెరిచి, విద్యార్థులు వచ్చి ఏమైనా అడగండని కూర్చుంటారు. మన పిల్లల్లో చాలామంది ఆ తలుపు తట్టరు. ఇక్కడ మాస్టారి గదికి వెళ్ళడమంటే తప్పు చేసి పిలిపించుకోవడమే కదా, ఆ భయం అక్కడిదాకా వెంట వెళుతుంది. యల్లాప్రగడ గారు ఫిస్క్ ప్రయోగశాలలోకి అడుగుపెట్టకపోతే, భాస్వరం కొలిచే ఆ పద్ధతి మీద ఆయన పేరు ఉండేది కాదు.

కాబట్టి ఈ ఆగస్టులో పిల్లల్ని విమానం ఎక్కించబోయే తల్లిదండ్రులకి నాదొక విన్నపం. పచ్చళ్ళు, ప్రెషర్ కుక్కరు, ఉన్ని స్వెటర్లు సర్దండి. లోను వాయిదాల మాట ఇప్పుడే విడమరిచి చెప్పండి, దాచద్దు. ఎంత అప్పు, ఎన్నేళ్ళు, మీ పొలం మీద తెచ్చారా ఇంటి మీద తెచ్చారా, అన్నీ వాడికి తెలియాలి. తెలిస్తే భయపడతాడని మీరు అనుకుంటారు, తెలియకపోతే ఇంకా ఎక్కువ భయపడతాడు. ఉద్యోగం దొరకడం ఆలస్యమైతే తిరిగి వచ్చేయవచ్చని, ఇంటి తలుపు తీసే ఉంటుందని ముందే చెప్పండి. ఆ మాట వినని పిల్లలు ఒంటరిగా చాలా లోతుకి పోతారు.

ఇక ఆదివారం వీడియో కాల్ వచ్చినప్పుడు "తిన్నావా, చలిగా ఉందా" అని అడిగాక, ఇంకొక్క ప్రశ్న అడగండి. ఈ వారం ఏం పని చేశావు, ఎవరితో కలిసి చేశావు అని. వాడు గిన్నెలు కడిగానంటే కడిగిన సంగతే వినండి. పక్కన నిలబడి కడిగిన మనిషి ఏ దేశం వాడు, ఎంతమంది పిల్లలు, ఎంత దూరం నుంచి బస్సులో వస్తాడు, ఇవన్నీ అడగండి. వాడికి తెలియకపోతే వచ్చే వారానికల్లా కనుక్కుని చెప్పమనండి.